విద్యాలయముల నడుమ గోడలు

హైదరాబాదు తూర్పుభాగమున, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును ఉప్పలునకును నడుమ గల కొలది మైళ్ళలో రసాయన, భూభౌతిక, కణజీవశాస్త్ర పరిశోధనాలయములు వరుసగా నెలకొనియున్నవి. ఇంతటి విద్వత్సమూహము తెలుగునాట మఱియొకచోట నరుదు. అయినను ప్రక్కప్రక్కన నున్నంతమాత్రమున విద్య పంచుకొనబడదు. అందుకు మనస్సును, తగిన కట్టుబాట్లును కావలెను.

ఈ ప్రాంతపు చరిత్రయే ఇందుకు తార్కాణము. 1977లో సీసీఎంబీ పుట్టినది నాటి ప్రాంతీయ పరిశోధనాలయపు జీవరసాయన శాఖనుండియే. అచ్చట లాల్జీసింగు పెంపొందించిన డీఎన్‌ఏ ముద్రల విద్య 1996లో సీడీఎఫ్‌డీ యను వేఱొక కేంద్రమునకు మూలమైనది. ఆ కేంద్రము కొంతకాలము నాచారమున నుండి, నేడు ఉప్పలులో నున్నది. ఆ విద్య ఒక్క గదిలోనే దాగియున్నచో న్యాయస్థానములకు అంతటి సాక్ష్యము లభించియుండెడిదా?

పంచినకొలది పెరుగునది విద్య యందురు. నేటి పట్టికలలో మాత్రము అది తరుగుచున్నది. యూజీసీ వారి 2018 నిబంధనల ననుసరించి, ఇరువురు కలిసి వ్రాసిన వ్యాసమునకు ఒక్కొక్కరికి విలువలో నూటికి 70 వంతులు. అంతకు మించినవారైనచో ముఖ్యులకు 70, తక్కినవారికి 30. పనిచేయక పేరు చేర్చుకొనువారి నరికట్టుటకు ఇట్టి లెక్క కొంత యవసరమే. కాని సహోద్యోగి వ్యాసమును దిద్దినవానికి, క్రొత్తవానికి పరికరపు వాడుక నేర్పినవానికి ఆ పట్టికలో గడి యెక్కడ? లెక్కకు రాని యుపకారము క్రమముగా ఆచారమునుండియే తొలగిపోవును.

ఒప్పందపు అధ్యాపకుల స్థితి మఱింత శోచనీయము. రాబోవు సంవత్సరము కొలువు నిలుచునో లేదో యెఱుగనివానికి తన పాఠ్యపు వ్రాతలే ఆస్తి. వానిని దాచుకొనెనని యతనిని నిందించిన ఫలమేమి? భయమున్నచోట ఔదార్యము మొలవదు.

కావున నీతిబోధలు చాలవు. ఖాళీలను స్థిరోద్యోగులతో నింపవలెను. తోడివారికి నేర్పుటను పదోన్నతిలో గణింపవలెను. ఈ త్రోవలోని సంస్థలు నెలకొకసారియైనను ఉమ్మడి గోష్ఠి జరిపి, పరికరములను విశ్వవిద్యాలయ విద్యార్థులకు తెఱువవలెను. వీనిలో తుది రెండింటికి ధనముకంటె సంకల్పమే ముఖ్యము. అధ్యాపకుడు పదవి విరమించునాడు తన విద్యను మూటగట్టుకొని పోయినచో, నష్టపడునది అతని ప్రత్యర్థి కాదు; మఱునాడు ఆ తరగతిలో కూర్చుండు విద్యార్థి.