తప్పొప్పుల పట్టిక

మా హాలులో గడియారం క్రింద ఒక చిన్న నల్లపెట్టె ఉన్నది. ఇంటిల్లిపాది ఫోనులకూ, నా కంప్యూటరుకూ ఇంటర్నెట్టును పంచిపెట్టే రూటరు అది. నాలుగేళ్లుగా రాత్రింబవళ్లు మేలుకొని ఉన్నా దాని యోగక్షేమాలు మేమెన్నడూ విచారించలేదు. ఒక రాత్రి ఫోను తెరమీద ఒక ప్రశ్న వెలసింది: కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది, ఇప్పుడే ఎక్కించమంటారా? మరునాటి ఉదయానికి అరవై పుటల అనువాదం పంపవలసి ఉన్నది. ‘తరువాత’ అన్న చోట నొక్కి పనిలో పడ్డాను. ఆ ‘తరువాత’ రావడానికి మూడు నెలలు పట్టింది.

ఫర్మ్‌వేర్ అనే మాటను 1967లో ఆషర్ ఆప్లర్ అనే ఆయన పుట్టించాడు. యంత్రం ‘హార్డ్’, దానిని నడిపే ఆదేశాలు ‘సాఫ్ట్’ అయినప్పుడు, రెండింటి నడుమ నిలిచేది ‘ఫర్మ్’ అన్నమాట. దీనికి తెలుగుమాట కోసం చాలా తంటాలు పడ్డాను, దొరకలేదు. పెట్టెలోనే వ్రాసిపెట్టిన విధివిధానాల పుస్తకం అనుకోండి. ఎవరిని లోనికి రానివ్వాలి, ఎవరిని గుమ్మం బయటే నిలపాలి అన్నది రూటరు ఆ పుస్తకం ప్రకారమే నిర్ణయిస్తుంది.

పుస్తకమన్న తరువాత తప్పులు దొర్లక మానవు. అచ్చయిన గ్రంథానికి తప్పొప్పుల పట్టిక జతచేయడం మా వృత్తిలో మామూలే. ఫర్మ్‌వేర్‌కు వచ్చే సవరణ అటువంటి పట్టికే. ఒక్క భేదం ఉన్నది. మా పట్టికను పాఠకులు కూడా చూడరు. దీనిని దొంగలు శ్రద్ధగా చదువుతారు. పాత ప్రతినీ కొత్త ప్రతినీ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే గోడకు కన్నం ఎక్కడున్నదో తెలిసిపోతుంది. అందుచేత సవరణ వెలువడిన దినం నుండి, దానిని ఎక్కించుకోని ఇంటికి ప్రమాదం పెరుగుతుందే కాని తగ్గదు.

2018లో జరిగినది చూడండి. లాట్వియా దేశపు మైక్రోటిక్ సంస్థ తన రూటర్లలో ఒక లోపం బయటపడగానే ఏప్రిల్ 23న సవరణ విడుదల చేసింది. ఆలస్యం వారిది కాదు. జూలై చివరికి బ్రెజిల్‌లో 70,000కు పైగా రూటర్లు ఆ కన్నం గుండానే పరాధీనమైనట్లు పరిశోధకులు కనుగొన్నారు. వాటి ద్వారా ఇంటర్నెట్టు వాడుకొనేవారి కంప్యూటర్లు, యజమానులకు తెలియకుండానే, మొనెరో అనే డిజిటల్ నాణెం సంపాదించే పనిలో పడ్డాయి. కరెంటు బిల్లు వీరిది, రాబడి వారిది. మందు వచ్చిన మూడు నెలలకు సోకిన జబ్బు! నా మూడు నెలలు గుర్తుకు వచ్చి ఒళ్లు జలదరించింది.

అలాగని ప్రశ్న కనబడిన క్షణమే నొక్కమని నేననను. సవరణ ఎక్కే ఆ కొద్ది నిమిషాలలో కరెంటు పోతే, సగం చెరిపి సగం వ్రాసిన పుస్తకం మిగులుతుంది. పెట్టె మళ్లీ లేవకపోవచ్చు. మా వీధిలో వేసవి సాయంకాలం కరెంటును నమ్మి ఎవరూ పిండి కూడా రుబ్బరు. రూటరు ప్లగ్గు ఇన్వర్టరుకు కలిసి ఉన్నదో లేదో ముందు చూసుకోవాలి. పిల్లవాడు ఆన్‌లైన్ పరీక్ష వ్రాస్తున్న పూట అసలు ముట్టుకోరాదు.

సవరణతో వచ్చే నాలుగు పంక్తుల వివరణ చదవడం నేనిప్పుడు అలవాటు చేసుకొన్నాను. అందులో భద్రత అన్న మాట ఉంటే ఆ రాత్రికే, మహా అయితే మరునాటికి పని ముగిస్తాను. కొత్త హంగులు మాత్రమే అయితే రెండు వారాలు ఆగుతాను. తొందరపడ్డవారి అనుభవం ఈలోగా తెలుస్తుంది. ‘బీటా’ అనేది చిత్తుప్రతి, దాని జోలికి పోను. కనెక్షను ఇచ్చిన సంస్థే పెట్టిన రూటరయితే, సవరణలు తరచు వారే పంపుతారు. పంపుతున్నారా అని అడిగి తెలుసుకోవడమే మన వంతు.

తయారీదారు సవరణలు మానేసిన పెట్టె మాటేమిటి? అది చక్కగా వెలుగుతూనే ఉంటుంది, అదే చిక్కు. బ్రిటనులో 2024 ఏప్రిల్ 29 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం, భద్రతా సవరణలు కనీసం ఎంతకాలం ఇస్తారో తయారీదారు చెప్పి తీరాలి. మనం కొనేటప్పుడు వేగం అడుగుతాము, ధర అడుగుతాము. ఈ సంగతి అడగము.

చివరకు ఒక ఆదివారం ఉదయం, అందరికీ కాఫీలు ఇచ్చి, వై-ఫై పాస్‌వర్డు మొదలైనవి కాగితంమీద వ్రాసుకొని, నొక్కాను. దీపాలన్నీ ఆరిపోయాయి. నాలుగు నిమిషాలపాటు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. పచ్చదీపం వెలిగిన తరువాత పాత ప్రతి తేదీ చూశాను. మేము పెట్టెను కొన్న సంవత్సరానికి ముందటిది. అంటే ఆ ప్రశ్న అదివరకు కూడా వచ్చే ఉంటుంది. ‘తరువాత’ అన్నది తామేనని మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.