వెంచర్ల పక్కనే ఉన్నం, మనకు 75 గజాలు ఎందుకు లేవు?

మొన్న గ్రూపులో ఒక తమ్ముడు రాసిండు, షాద్‌నగర్ చుట్టూ భూముల రేట్లు పెరిగినయ్, తండాలకు మంచి రోజులొచ్చినయ్, ఎందుకు ఏడుస్తున్నరు అని. ఆ తమ్ముడికే ఈ జవాబు.

రేటు పెరిగితే లాభం అమ్మేటోనికి. అదీ ఒక్కసారే. మన పెద్దల్లో చాలామంది 2008ల శంషాబాద్ ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తల్నే అమ్ముకున్నరు. వాళ్ల పిల్లలం మనం, ఇయ్యాల కొత్తూరు, నందిగామ కంపెనీలల్ల షిఫ్టులు చేసి షాద్‌నగర్‌ల ఒక్క రూముకు కిరాయి కడుతున్నం. తాత అమ్మిన ఎకరంల మనుమడు వంద గజాలు కొనలేడు. ఇవేనా మంచి రోజులు?

వెంచర్లు ఎక్కువైతే ఇండ్లు ఎక్కువై రేట్లు దిగుతయ్ అంటరు. బెంగళూరు హైవే మీద పోయే బస్సు కిటికీలకెళ్లి చూడండి. కమాన్లున్నయ్, హద్దురాళ్లున్నయ్, గడ్డి ఉన్నది. ఇండ్లేవి? కొన్నోళ్లకు అది ఇల్లు కాదు, బ్యాంకుల ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది. ఎకరాలున్నోడు నాలా ఫీజు కట్టి పొలాన్ని వ్యవసాయేతరం చేసుకుంటడు, లేఅవుట్ తెచ్చుకుంటడు. ప్లాట్లల్ల కొన్నన్నా పేదోనికి అందే సైజుల ఉన్నయా అని అడిగేటోడు లేడు.

విచిత్రం చూడండి. 2020ల వచ్చిన టీఎస్‌బీపాస్ చట్టం ప్రకారం మున్సిపాలిటీల 75 గజాల దాకా ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. మంచి రూలే. కానీ 75 గజాల ప్లాటు అమ్మే వెంచర్ ఏది? ఎకరం అంటే 4,840 గజాలు. సగం రోడ్లకు, పార్కుకు పోయినా 75 గజాల జాగలు 32 వస్తయ్. 200 గజాల లెక్కన కోస్తే 12. ఆ 20 కుటుంబాలు ఎక్కడికి పోవాలె?

వాళ్లు పోయేది అప్రూవల్ లేని ప్లాట్లకే. 2020 ఆగస్టు 26 నుంచి అట్లాంటి కొత్త ప్లాట్లకు రిజిస్ట్రేషన్ ఆపిండ్రు, ఎల్ఆర్ఎస్ కట్టుమన్నరు. లేఅవుట్ల 10 శాతం ఖాళీ జాగ ఇడవకపోతే ప్లాటు విలువల 14 శాతం అదనం. ఇడవనిదెవడు? వెంచర్ చేసినోడు. కట్టేదెవడు? కూలి పైసలు పోగేసి కొన్నోడు. మాకు ఈ లెక్క ఇంతవరకు అర్థం కాలే.

ఇగ తండా సంగతి. 2018ల 500 జనాభా ఉన్న తండాలను పంచాయతీలు చేసిండ్రు, సంబురపడ్డం. సర్పంచ్ మనోడయిండు, కానీ చాలా తండాలకు రికార్డులల్ల గ్రామకంఠమే లేదు. ఇల్లున్న జాగ ఎవరి పేరు మీదనో పట్టా, లేకపోతే సర్కారు భూమి. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలిస్తమంటరు, ముందు సొంత జాగ ఉన్నోళ్లకట. 400 చదరపు అడుగుల ఇల్లు అంటే 45 గజాలు కూడా కాదు. అదే జాగల మూడు తరాల సంది పొయ్యి ముట్టిచ్చినం, కాగితం మాత్రం లేదు.

కొందరు మనోళ్లే అంటున్నరు, అసైన్డ్ భూములు అమ్ముకోనియ్యాలె, అప్పుడు అన్నీ సాఫ్ అయితయ్ అని. ఇది మేం ఒప్పుకోం. అమ్రాబాద్ చెంచు పెంటలకు 1/70 అడ్డం ఉన్నది. షాద్‌నగర్ షెడ్యూల్డ్ ఏరియా కాదు, మనకా చట్టం లేదు. 1977 అసైన్డ్ భూముల చట్టమొక్కటే మనకున్న కంచె. దాన్ని గూడ పీకేస్తే మిగిలిన గుంటలు కూడా వెంచర్లయితయ్. మీడియేటర్‌గా తిరిగే తమ్ముళ్లకు కమిషన్ వస్తది, నిజమే. ఆ కమిషన్‌తోని అదే వెంచర్‌ల ప్లాటు కొన్నోణ్ని ఒక్కణ్ని చూపించండి.

2025ల హెచ్‌ఎండీఏ పరిధిని ట్రిపుల్ఆర్ దాకా పెంచిండ్రు. మన ఊర్లకు కొత్త మాస్టర్ ప్లాన్ గీస్తరు. ఏది పొలం, ఏది ఇండ్లు, ఏది కంపెనీ అని రంగులేస్తరు. ఆ మ్యాపుల తండా ఒక చుక్క గూడ కాకపోతే, రేపు మన గోడ లేపినా అక్రమమే. అందుకే ఇప్పుడే అడగాలె: తండా ఇండ్ల జాగ సర్వే చేసి ఆబాదీగ రాయాలె, పెరిగే కుటుంబాలకు పక్కన జాగ ఇడవాలె, ప్రతి లేఅవుట్‌ల ఒక వంతు 75 గజాల ప్లాట్లుండాలె.

మీ తండాల ఎన్ని ఇండ్లకు కాగితం ఉన్నది, ఎన్నింటికి లేదు, జాగ ఏ సర్వే నంబర్ల ఉన్నది, ఈ ఆదివారం లోపల రాసి పంపండి. గ్రామసభల పెట్టే దరఖాస్తు మేం తయారు చేస్తున్నం.