గెలిచినవాడి కోపం

2003 ఫిబ్రవరిలో ఎఫ్.ఎ. కప్పు మ్యాచ్‌లో ఆర్సెనల్ చేతిలో ఓడిపోయి మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్ళు డ్రెస్సింగ్ రూములోకి వచ్చారు. మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్ కోపం పట్టలేక నేలమీదున్న బూటును తన్నాడు. అది ఎగిరి డేవిడ్ బెక్‌హామ్ కంటిపైన తగిలింది. రక్తం కారింది. ఆ వేసవిలోనే బెక్‌హామ్‌ని రియల్ మాడ్రిడ్‌కి అమ్మేశారు. ఇరవయ్యేళ్ళు దాటిపోయినా ఈ ఉదంతం చెప్పేవాళ్ళు నవ్వుతూనే చెప్తారు. చివర్లో ఒక మాట కలుపుతారు: ‘అలాంటివాడు కాబట్టే అన్ని కప్పులు గెలిచాడు.’

నా తగాదా అంతా ఆ ‘కాబట్టే’తోనే.

సాహిత్యంలో పరిశోధన చేసుకునేదానికి ఫుట్‌బాల్ మేనేజర్లతో ఏం పని అనొచ్చు. నేను పనిచేసింది స్త్రీల ఆత్మకథల మీద. మగవాళ్ళు తమ విజయగాథల్ని ఎలా చెప్పుకుంటారో పక్కన పెట్టి చూద్దామని మొదలుపెట్టి, ఈ మేనేజర్ల పుస్తకాల్లో పడ్డాను. ఇంగ్లండులో జట్టును నడిపే మనిషిని కోచ్ అనడం కన్నా మేనేజర్ అనడమే ఎక్కువ. ఎవరు ఆడాలి, ఎవరు బెంచీ మీద కూర్చోవాలి, ఎవర్ని కొనాలి, ఎవర్ని అమ్మాలి అన్నీ చాలాకాలం అతని చేతిలోనే ఉండేవి. ఇంటి యజమాని, ఫ్యాక్టరీ మేస్త్రీ, సైన్యాధికారి, ముగ్గురూ కలిసిన పాత్ర. ఈ పుస్తకాల్లో కోపానికి దక్కే మర్యాద చూసి ఆశ్చర్యపోయాను. ఆడవాళ్ళ ఆత్మకథల్లో కోపం వచ్చిన ప్రతిచోటా దానికో సంజాయిషీ ఉంటుంది. ఎందుకు వచ్చింది, ఎంతసేపు ఉంది, తర్వాత ఎంత ఏడ్చాను... ఇక్కడ కోపం గోడకి తగిలించిన పతకం.

ఫెర్గూసన్ సంగతే చూద్దాం. 1986 నుంచి 2013 దాకా ఒకే క్లబ్బు. 13 లీగ్ టైటిళ్ళు, రెండు ఛాంపియన్స్ లీగ్ కప్పులు. ఆటగాడి మొహంలో మొహం పెట్టి అరవడానికి ‘హెయిర్ డ్రయ్యర్’ అని పేరే పెట్టారు. కానీ మొదటి కప్పు వచ్చింది 1990లో. అంటే మూడున్నరేళ్ళు ఏమీ గెలవని మనిషిని క్లబ్బు భరించింది. ఆ ఓర్పుని ఎవరూ కథగా చెప్పరు. పిల్లల జట్లని ఓపిగ్గా పెంచాడు. గిగ్స్, స్కోల్స్, నెవిల్ సోదరులు, ఆ బెక్‌హామ్ కూడా అక్కడి నుంచి వచ్చినవాళ్ళే. రోజువారీ శిక్షణ సహాయకులకి అప్పగించి, తను పక్కన నిలబడి గమనించేవాడు. 2013లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూకి తన పద్ధతి వివరించినప్పుడు అతనే చెప్పాడు: ఎప్పుడూ అరుస్తూ ఉంటే పని జరగదని, మనిషికి ‘బాగా చేశావ్’ అన్న మాటని మించింది లేదని. యాప్ స్టామ్ అనే డిఫెండర్‌ని 2001లో ఉన్నపళంగా అమ్మేసినందుకు తర్వాత తనే నాలిక్కరుచుకున్నాడు. ఆ కాఠిన్యం కప్పులు తెచ్చిన లెక్కలోకి వస్తుందా, పోగొట్టిన లెక్కలోకి వస్తుందా?

ఇంకో సంగతి. 2002లో రిటైరవుతానని ప్రకటించి, మానుకున్నాడు. మనసు మార్చింది భార్య క్యాథీ, కొడుకులు. 2013లో నిజంగానే తప్పుకున్నాడు. అప్పుడు కారణం, సోదరి చనిపోయి క్యాథీ ఒంటరిదైపోవడం. ముగ్గురు కొడుకుల పెంపకం ఆమె మీదే పడింది. బూటు తన్నిన మనిషికి ఇంట్లో అన్నం వేళకి అందిందన్న సంగతి నాయకత్వ పాఠాల్లోకి ఎక్కదు.

ఆటగాళ్ళ మీద విరుచుకుపడటంలో ఫెర్గూసన్ కన్నా ముందే పేరుపడ్డవాడు బ్రయన్ క్లఫ్. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టుని 1979, 1980ల్లో వరసగా రెండుసార్లు యూరోపియన్ కప్పు గెలిపించాడు. అతని నోటి దురుసే విజయరహస్యం అనేవాళ్ళు 1974ని మర్చిపోతారు. ఆ ఏడాది లీడ్స్ యునైటెడ్‌లో, ఇదే మనిషికి, ఇదే నోటితో, 44 రోజుల్లో ఉద్యోగం ఊడింది. తేడా ఏమిటి? ఫారెస్ట్‌లో పక్కన పీటర్ టేలర్ ఉన్నాడు, లీడ్స్‌లో లేడు. ఏ ఆటగాడిలో ఏముందో పసిగట్టే కన్ను టేలర్‌ది. ఒకే స్వభావం ఒకచోట గెలిపించి ఇంకోచోట ముంచిందంటే, గెలుపుకి కారణం స్వభావం కాదనేగా.

ఆ దురుసు వల్ల నష్టపోయిందెవరో కూడా చెప్పుకోవాలి. 1981లో జస్టిన్ ఫషానూని పది లక్షల పౌండ్లిచ్చి ఫారెస్ట్ కొన్నది. ఒక నల్లజాతి బ్రిటిష్ ఆటగాడికి అంత ధర పలకడం అదే మొదలు. అతను గే క్లబ్బులకి వెళ్తున్నాడని తెలిసి క్లఫ్ అతన్ని అవమానించాడు, జట్టుతో శిక్షణకి రానివ్వలేదు, వస్తే పోలీసుల్ని పిలిపించాడు. ఆ సంభాషణని తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు కూడా. ఫషానూ 1990లో తాను గే అని బహిరంగంగా ప్రకటించాడు, 1998లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ చావుకి క్లఫ్ కారణమని నేననను. అయితే, అతన్ని అలా వెళ్ళగొట్టడం వల్ల ఫారెస్ట్ ఏ కప్పు గెలిచిందో ఎవరైనా చెప్తే వింటాను. నాటింగ్‌హామ్ నడిబొడ్డున క్లఫ్ విగ్రహం ఉంది.

మెతకగా ఉండి గెలిచినవాళ్ళు లేరా అంటే, కార్లో అంచెలోట్టి ఉన్నాడు. మేనేజరుగా ఐదు ఛాంపియన్స్ లీగ్‌లు ఇంకెవరికీ లేవు. ఐదు దేశాల్లో లీగ్ గెలిచాడు. కానీ 2017లో బాయర్న్ మ్యూనిక్ అతన్ని తీసేసినప్పుడు, శిక్షణ మరీ వదులుగా ఉందన్న విమర్శే ముందుకొచ్చింది. మెతకవాడు ఓడితే మెతకదనం వల్లే ఓడినట్టు. కఠినుడు ఓడితే మాత్రం ఆటగాళ్ళు మోసం చేసినట్టు!

ఇక 2015 ఆగస్టు 8. చెల్సీ, స్వాన్సీ జట్లు 2-2తో సమంగా ఉన్నాయి. ఆట చివరి నిమిషాలు. చెల్సీకి అప్పటికే ఒకర్ని బయటికి పంపేశారు, పదిమందే ఉన్నారు. ఎడెన్ హజార్డ్ కిందపడ్డాడు. రిఫరీ వైద్యుల్ని రమ్మని సైగ చేశాడు. జట్టు డాక్టర్ ఈవా కార్నీరో, ఫిజియో జాన్ ఫెర్న్ పరిగెత్తుకెళ్ళారు. చికిత్స పొందిన ఆటగాడు కాసేపు మైదానం బయట ఉండాలన్నది నియమం. అంటే కొన్ని క్షణాలు చెల్సీకి తొమ్మిది మందే మిగులుతారు. మేనేజరు హోసే మొరీన్యో రెచ్చిపోయాడు. వాళ్ళకి ఆట అర్థం కాదని మ్యాచ్ అయ్యాక అందరి ముందూ అన్నాడు. కొన్నాళ్ళకే ఆమెని జట్టు విధుల నుంచి తప్పించారు. సెప్టెంబరులో ఆమె ఉద్యోగం వదిలేసింది.

ఆమె చేసిన నేరం ఏమిటి? పడ్డ మనిషి దగ్గరికి డాక్టరు వెళ్ళడం.

ఆ రోజు మొరీన్యో నోటివెంట వచ్చిన పోర్చుగీసు తిట్టులో ఉన్నది ‘కొడుకా’, ‘కూతురా’ అన్నది పెద్ద వివాదమైంది. కూతురంటే ఆమెని అన్నట్టు, కొడుకంటే ఊరికే ఊతపదంగా అన్నట్టు. ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒక భాషానిపుణుడి అభిప్రాయం తీసుకుని, వివక్షతో కూడిన భాష కాదని తేల్చేసింది. ఆమెని మాత్రం ఒక్క ముక్క అడగలేదు. 1921 నుంచి యాభై ఏళ్ళపాటు తన సభ్య క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళని ఆడనివ్వని సంస్థ ఇదే. భాష చదువుకున్నదాన్ని కాబట్టి ఒకమాట చెప్తాను. కొడుకన్నా కూతురన్నా ఆ తిట్టు పడేది తల్లికే. మన తిట్లూ అంతేగా! లింగం మారితే తిట్టు మారదు, తిట్టించుకునే ఆడది అక్కడే ఉంటుంది.

కార్నీరో 12 లక్షల పౌండ్లు ఇస్తామన్నా సర్దుబాటుకి ఒప్పుకోలేదు. 2016 జూన్‌లో ట్రిబ్యునల్ ముందు కేసు రాజీ అయినప్పుడు, ఆమె నియమాల ప్రకారం తన బాధ్యతే నిర్వర్తించిందని చెల్సీ ఒప్పుకుని బేషరతుగా క్షమాపణ చెప్పింది. మొరీన్యో? అంతకుముందు మేలో ఛాంపియన్లయిన జట్టు డిసెంబరుకి 16వ స్థానానికి దిగజారింది, అతన్ని తీసేశారు. కొన్ని నెలలకే మరో పెద్ద క్లబ్బు పిలిచింది. ఇంతకీ క్రూరత్వం గెలిపిస్తుందన్న సిద్ధాంతానికి ఆ ఏడాది ఏమైనట్టు?

‘మరి కఠినంగా ఉండకపోతే జట్టు నడుస్తుందా?’ అంటారు. నడవదు. పాతికమందిలో పదకొండు మందినే ఆడించాలి. పద్నాలుగు మందికి కాదని చెప్పాలి. సరీనా వీగ్‌మాన్ 2022 యూరో పోటీలకి, ఏళ్ళతరబడి ఇంగ్లండు కెప్టెన్‌గా ఉన్న స్టెఫ్ హౌటన్‌ని తీసుకోలేదు. 2025లో ప్రపంచ స్థాయి గోల్‌కీపర్ మేరీ ఇయర్ప్స్‌కి నువ్విక మొదటి ఎంపిక కాదని చెప్పింది, ఆమె జట్టు నుంచే రిటైరైపోయింది. రెండుసార్లూ ఇంగ్లండు గెలిచింది. ఆమె స్థానంలో వచ్చిన హానా హాంప్టన్ ఫైనల్లో పెనాల్టీలు ఆపింది. ఎమా హేయ్స్ 2024లో అలెక్స్ మోర్గాన్‌ని పక్కన పెట్టి అమెరికాకి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది. వీళ్ళు దేవతలేం కాదు, వీళ్ళ మీద అలిగినవాళ్ళూ ఉన్నారు. అయితే నిర్ణయం కఠినమైనది కావడం ఒకటి, మనిషిని నలుగురిలో తీసిపారేయడం ఇంకొకటి. మొదటిది ఉద్యోగం. రెండోది జులుం. ఈ రెంటినీ ముడేసి ఒకే ధర కట్టడంలోనే మోసం ఉంది.

మన భాషలో ఈ మోసం ఇంకా సూటిగా కనిపిస్తుంది. గట్టిగా పని చేయించే మగవాడు ‘నిక్కచ్చి మనిషి’, ‘క్రమశిక్షణ గలవాడు’. అదే పని ఆడది చేస్తే గయ్యాళి. ఈ గయ్యాళికి పుంలింగం ఏదో నిఘంటువులన్నీ తిరగేసి చెప్పండి. 1962లో సెప్టెంబరు 4న జకార్తాలో ఇండియా జట్టు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచింది. కోచ్ మన హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. క్యాన్సర్‌తో మరుసటి ఏడాదే పోయాడు. క్రమశిక్షణ విషయంలో రాజీపడని మనిషని ఆయన్ని ఈనాటికీ ప్రేమగా తలుచుకుంటారు, 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చింది, సంతోషమే. అదే 1962లో ‘గుండమ్మ కథ’ వచ్చింది. భర్త పోయాక ఇంటి పెత్తనం చూసుకునే ఆడమనిషి గుండమ్మ. సవతి కూతుర్ని ఆమె పెట్టిన బాధలు నేను వెనకేసుకురాను. కానీ సూర్యకాంతం పేరు తలుచుకుంటే అరవయ్యేళ్ళ తర్వాత కూడా మిగిలింది ‘గయ్యాళి’ అన్న ఒక్క మాటే. ఆమె పేరు ఆడపిల్లకి పెట్టుకోవడానికే జంకారట జనం!

నా వాదనకి అడ్డం నిలబడే మ్యాచ్ ఒకటుంది, దాన్ని దాటవేయను. 2022 సెప్టెంబరులో స్పెయిన్ మహిళా జట్టు క్రీడాకారిణులు 15 మంది, ఇక్కడి పరిస్థితులు తమ మానసిక స్థితినీ ఆరోగ్యాన్నీ దెబ్బతీస్తున్నాయని ఫెడరేషన్‌కి ఈమెయిళ్ళు పంపారు. కోచ్ హోర్హె విల్దా. ఫెడరేషన్ ఏమంది? తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగితేనే మళ్ళీ రానిస్తామంది. 2023 ఆగస్టు 20న సిడ్నీలో అదే విల్దా జట్టు, వీగ్‌మాన్ ఇంగ్లండుని 1-0తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచింది. ఆ 15 మందిలో కప్పుకి వెళ్ళింది ముగ్గురే: అయితానా బొన్‌మతి, మరియోనా కాల్దెంతే, ఓనా బాత్యే. ‘చూశారా, నచ్చని కోచే గెలిపించాడు’ అన్నారు. ఆ గెలుపునే కవచంగా వాడుకున్నారు. పతకాల వేదిక మీద ఫెడరేషన్ అధ్యక్షుడు రుబియాలెస్, హెనీ ఎర్మోసోని ఆమె అనుమతి లేకుండా పెదవుల మీద ముద్దుపెట్టుకోవడానికి ధైర్యం ఎక్కడినుంచి వచ్చింది? కప్పు చేతిలో ఉంటే ఎవరూ ఏమీ అడగరన్న నమ్మకం నుంచి. ఈసారి అడిగారు. సెప్టెంబరు 5న విల్దాని తీసేశారు. 2025 ఫిబ్రవరిలో కోర్టు రుబియాలెస్‌ని లైంగిక దాడి కింద దోషిగా తేల్చి 10,800 యూరోల జరిమానా వేసింది. బలవంతపెట్టారన్న ఆరోపణ మీద మాత్రం అతన్నీ విల్దానీ నిర్దోషులన్నది. నేనడిగేది ఒకటే. ఆ పోటీలో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన బొన్‌మతి కాళ్ళు గెలిపించిన కప్పుని, ఆమె ఫిర్యాదు చేసిన మనిషి పద్ధతికి రుజువుగా ఎలా చూపిస్తారు?

దూరదేశాల ఆటల గోల మనకెందుకు అనుకోకండి. ‘ఆయన కొంచెం కోపిష్ఠి, కానీ ఆయన దగ్గర చేసినవాళ్ళందరికీ ఉద్యోగాలొచ్చాయి’ అన్న వాక్యం మన యూనివర్సిటీల్లో వినని పరిశోధక విద్యార్థిని ఉందా? నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు నాకూ అదే చెప్పారు. నా అధ్యాయం కాగితాలు స్కాలర్ల గదిలో అందరి ముందూ నేలమీదికి విసిరేసినప్పుడు, ఏరుకుంటున్న నాతో ఒక సీనియర్ అదే వాక్యం ఓదార్పుగా అన్నాడు. నాతో చేరిన ఇద్దరమ్మాయిలు మూడో ఏడు దాటకుండానే మానేశారు. ఒకామె ఇప్పుడు బడిలో చెప్తోంది. ఇంకొకామె సంగతి తెలియదు. నేను పూర్తిచేశాను కాబట్టి ఇప్పుడు ఆ ‘అందరికీ’లో నా పేరు కూడా వాడుకుంటున్నారు.

ఈమధ్య ఆయనకి ఉత్తమ పరిశోధన మార్గదర్శి పురస్కారం ఇవ్వాలని ప్రతిపాదన వచ్చింది, సంతకం పెట్టమని నాకు కాగితం పంపారు. డాక్టరేట్లు పొందినవాళ్ళ జాబితా దానికి జతచేశారు, పొడుగ్గానే ఉంది. ఆయన దగ్గర నమోదు చేసుకుని మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళ జాబితా కూడా, ఆడ మగ వేరుచేసి, పంపమని అడిగాను. అలాంటి రికార్డు విభాగంలో లేదన్నారు. నమోదు రిజిస్టర్లు ఆఫీసులో ఉంటాయి, అందులోంచి తీయొచ్చని రాసి పంపాను. కాగితం మీద సంతకం ఇంకా పెట్టలేదు.