నొప్పి ఆమెది, మాటా ఆమెదే

మా సహధర్మచారిణి నాలుక అంచున పుండు కనిపించినప్పుడు వేడి చేసిందనుకున్నాం. బి కాంప్లెక్స్ మాత్రలతో, గ్లిజరిన్ పూతలతో మూడు నెలలు గడిపేశాం. ఆమెకు జర్దా కిళ్లీ ఇరవై ఏళ్ల అలవాటు. పాన్‌దాన్ మా ఇంటి మర్యాదకు గుర్తు. అందులోనే ముప్పు ఉండవచ్చునన్న తలంపు మాకు రాలేదు. చివరకు ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరని తేలింది.

నాలుకలో కొంత భాగాన్ని, మెడలోని గ్రంథులను తొలగించి, ముంజేతి కండతో నాలుకను సరిచేశారు. తరువాత రేడియేషన్ ఇచ్చారు. ముక్కు గొట్టం ద్వారా రెండు గంటలకొకసారి వడగట్టిన రాగిజావ, పాలు, పప్పుకట్టు పోయడం నేర్చుకున్నాం. పోసేటప్పుడు తల ఎత్తి ఉంచాలి. పోశాక గొట్టాన్ని నీటితో శుభ్రం చేయాలి. జీవితమంతా ఫైళ్లు తిప్పిన చేతులకు అరవై దాటాక అబ్బిన విద్య ఇది.

అయితే మేము చేసిన పెద్ద పొరపాటు వేరొకటి ఉంది. డాక్టరు ఆమెను ఏది అడిగినా మేమే జవాబిచ్చేవాళ్లం. నొప్పి ఎలా ఉందంటే తగ్గిందనేవాళ్లం. ఒకనాడు ఆమె మనవడి పలక అందుకుని, "నొప్పి నాది. నన్ను చెప్పనివ్వండి" అని రాసింది. సభలలో హక్కుల గురించి ప్రసంగించే మేము తల దించుకున్నాం. స్పీచ్ థెరపీతో ఇప్పుడు ఆమె మాట ముద్దముద్దగా వస్తోంది. వాక్యం పూర్తయ్యేదాకా ఇంట్లో ఎవరూ అందుకోరు.

శస్త్రచికిత్సకు పేదలకు ఆరోగ్యశ్రీ వంటి పథకాలున్నాయి. ఇంటి దగ్గరి రోజువారీ సేవ మాత్రం ఇంటివాళ్లే చేయాలి. అది కోడలి పని, కూతురి పని అని మగవాళ్లు తప్పుకోవడం న్యాయం కాదు.

పొగాకు లేకున్నా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో వెలువరించిన నివేదికలోనే తేల్చింది. కనుక వలీమా విందులలో కిళ్లీల పళ్లెం మానుకుందాం. రెండు వారాలకు మానని పుండును డాక్టరుకు చూపిద్దాం. 30 ఏళ్లు దాటిన వారికి నోటి పరీక్ష జరపడం ప్రభుత్వ జాతీయ కార్యక్రమంలో భాగమే. మన బస్తీలలో ఆ పరీక్షలు జరిపించమని, పరాయి మగవారి ఎదుట నోరు తెరవడానికి సంకోచించే స్త్రీల కోసం మహిళా సిబ్బందిని పంపమని కోరడం యాచన కాదు, హక్కు. మూడు నెలలు జాగు చేసిన మా వంటి వారు మరొక ఇంట ఉండకూడదు.