దేహపు జమాఖర్చు

వేసవి మధ్యాహ్నం విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో కొంతసేపు నిలిచి చూడండి. కూరగాయల బస్తాలు మోసే కళాసీ చొక్కా తడిసి ఒంటికి అంటుకొని ఉంటుంది. సముద్రపు గాలిలో తేమ అధికం గనుక చెమట త్వరగా ఆరదు. ఆరనందున ఒళ్ళు చల్లబడదు. చల్లబడనందున మరింత చెమట పోస్తుంది. ప్రక్క అంగడిలో వర్తకుడు సాయంకాలానికి జమ ఎంత, ఖర్చు ఎంత అని చూచుకుంటాడు. ఈ రెండు మాటలూ ఉర్దూతో చెలిమి వలన తెలుగుకు దక్కినవి. కళాసీ దేహానికి మాత్రం ఆ లెక్క వ్రాసేవారు లేరు.

ఆసుపత్రిలో ఆ లెక్క ఉన్నది. నర్సు వ్రాసే పట్టికలో ఒక వైపు త్రాగిన నీరు, ఎక్కించిన సెలైను. రెండవ వైపు మూత్రం, వాంతి, విరేచనం. ఇంటిలో తల్లికి పట్టిక అక్కరలేదు. నాలుక పిడచగట్టడం, కళ్ళు గుంటలు పడడం, ఏడ్చే బిడ్డకు కన్నీరు రాకపోవడం, మూత్రం తగ్గడం - ఇవే ఖర్చు మీరినదని చెప్పే గుర్తులు.

ఈ లోటును నోటి ద్వారానే పూడ్చవచ్చునని 1971లో లోకానికి తేటతెల్లమైనది. తూర్పు బెంగాలు శరణార్థులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైను సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే త్రాగించారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు నూటికి నాలుగు కంటె తక్కువకు దిగినవి. ఉప్పు, చక్కెర తగిన పాళ్ళలో జతగూడినప్పుడు చిన్నప్రేవు నీటిని వేగంగా పీల్చుకుంటుంది. కిటుకంతా ఆ పాళ్ళలోనే ఉన్నది.

ఆ పాళ్ళనే మనం నేటికీ నిర్లక్ష్యం చేస్తున్నామన్నది మా బాధ. విరేచనాలైన బిడ్డకు నీరు పోస్తే ఇంకా పోతాయని నోరు కట్టేవారు నేటికీ కలరు. మరికొందరు ప్రేమతోనే పొరపడతారు. ఒకనాడు మార్కెట్ వద్ద ఒక తండ్రి విరేచనాలతో వాడిన పసివానికి పండ్లరసపు పొట్లం కొనడం చూచాము. అదే ఓ.ఆర్.ఎస్. అని ఆయన నమ్మకం. చక్కెర మితిమీరితే ప్రేగులలోనికి నీటిని లాగి విరేచనాన్ని పెంచుతుంది. ఇట్టి పానీయాలపై హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వాటిపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. ఆదేశం వచ్చినంత మాత్రాన కొనేవాని అజ్ఞానం తొలగదు. అది చదువుకున్నవారి పని.

విద్యార్థులారా! ఈ కొలత కంఠస్థం చేయండి: లీటరు శుభ్రమైన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే అదే మేలు. కలిపినది ఒక రోజు దాటితే పారబోయాలి. స్పృహ లేనివాని నోట ఏమీ పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. గుండె, మూత్రపిండాల రోగులు వైద్యుని మాట ప్రకారమే త్రాగాలి. ఎండలో పనిచేసేవారికి ఉప్పు వేసిన మజ్జిగ, మన ఉత్తరాంధ్ర చోడి అంబలి, తరవాణి చిన్నచూపు చూడదగినవి కావు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటే. చలివేంద్రం ఈ నేల ఆచారం. సబీల్ మన మొహర్రం ఆచారం. దప్పిగొన్నవానికి రెండూ ఒక్కటే. వచ్చే వేసవిలో పూర్ణా మార్కెట్ వద్ద మన విద్యార్థుల చేత ఒక పందిరి వేయించండి. ఒక కుండలో నీరు, ఒక కుండలో మజ్జిగ, ఒక పెట్టెలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, పైన రెండు లిపులలో ఆ కొలత వ్రాసిన పలక చాలును. దాహం తీర్చడం పుణ్యమని మనకు తెలుసు. కొలత తెలిసి తీర్చడం విద్య.