కొత్త ల్యాప్‌టాప్ కొనమనే మహానుభావులకో దండం

ఈమధ్య ఒక్క మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతోంది. "పాతదైపోయింది బాస్, కొత్తది తీసేసుకో". ఈ మాట అనేవాడు సమస్య ఏమిటో అడగడు, ఎక్కడ ఆగుతోందో అడగడు, ఎంత ఆగుతోందో అసలే అడగడు. నాడి పట్టి చూడకుండానే ఆపరేషన్‌కి డబ్బులు కట్టమనే డాక్టరు లాంటివాడన్నమాట. అనేది కంప్యూటర్ ముక్క తెలియనివాళ్ళయితే పోనీలే అని ఊరుకోవచ్చు. అంటున్నది మనం. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లమని మెళ్ళో ట్యాగు వేలాడేసుకుని తిరిగేవాళ్ళం. అందుకే ఈ టపా.

సంగతేమిటంటే.. మొన్న దసరాకి కేసముద్రం వెళ్ళాను. (2016 నుంచీ మా ఊరు మహబూబాబాద్ జిల్లాలో ఉంది గానీ, ఎవరైనా అడిగితే నా నోటికి ఇంకా వరంగలే వస్తుంది.) మా చిన్నాయన కొడుక్కి యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అంటే ప్రాణం. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: ప్రాగ్‌లో ఉన్న ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ 2012 అక్టోబరులో వదిలిన ఆట ఇది. కాల్చడాలు, నరకడాలు ఏమీ ఉండవు. లారీ ఎక్కాలి, సిగ్నల్ దగ్గర ఆగాలి, సరుకు దింపాలి, మళ్ళీ ఎక్కాలి. అంతే. ఇన్నేళ్ళ తరవాత కూడా జనం దాన్ని పట్టుకు వేలాడుతున్నారంటే సగం పుణ్యం మాడ్లది. మాడ్ అనే ఫోల్డరులో ఒక ఫైలు పడేస్తే కొత్త బండి వస్తుంది, ఇంకోటి పడేస్తే కొత్త రోడ్డు వస్తుంది. మనవాళ్ళు ఊరుకుంటారా.. ఆర్టీసీ బస్సుల్ని దింపేశారు. మావాడు నడిపేది పల్లెవెలుగు. ముందు అద్దం మీద "కేసముద్రం - వరంగల్" అని బోర్డు, చుట్టూ ఇంగ్లండు పచ్చిక బయళ్ళు! ఇంగ్లండే ఎందుకురా అంటే, "ఆడ మనలెక్కనే ఎడమ దిక్కు నడుపుతరన్నా" అన్నాడు. నాకు భలే ముచ్చటేసింది.

ముచ్చట అక్కడితో అయిపోయింది. బస్సు మాంచెస్టర్ ఊళ్ళోకి వచ్చేసరికి ముక్కి మూలుగుతోంది. మలుపు తిప్పితే, తిప్పిన అర సెకనుకి బస్సు తిరుగుతోంది. ఈలోగా స్తంభం రానే వస్తోంది.

అప్పటికే టౌనులో ఒక కొట్టువాడు డెబ్భై వేలకి గేమింగ్ ల్యాప్‌టాప్ చెప్పి, అడ్వాన్సు పట్టుకురమ్మన్నాడట. "నువ్వు ఇంజనీరువు గద బిడ్డా, గన్ని పైసలు పెట్టాల్నా, నువ్వే చెప్పు" అన్నాడు చిన్నాయన. ఆయనది మిర్చి తోట. 2025లో మిర్చి రేటు ఎంత దారుణంగా పడిందంటే, ఫిబ్రవరిలో కేంద్రం ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలని ప్రకటించాల్సొచ్చింది. రేటు పడితే గుంటూరులో ఒకలాగా కేసముద్రం మార్కెట్ యార్డులో ఇంకోలాగా పడదు కదా. మందు కొట్టే రోజుల్లో ఆ ఇంట్లో డెబ్భై వేలంటే ఏమిటో ఆ కొట్టువాడికి తెలియకపోవచ్చు. నాకు తెలుసు.

నేనేం చేశాను? సిగ్గుపడుతూనే చెప్తున్నా, మన కులవృత్తి ప్రకారం ఫ్రెండ్సుని అడిగాను. నలుగురు. నలుగురూ పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు. ఒకడు గ్రాఫిక్స్ కార్డు మోడల్ నంబరు చెప్పాడు. ఇంకొకడు దానికంటే పై మోడల్ చెప్పాడు. మూడోవాడు ఈఎంఐ లెక్క కట్టి పంపాడు. నాలుగోవాడు "ఆ డబ్బా మీద ఆటలేంటి మామా" అని నవ్వాడు. సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తున్నాయని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. మాడ్లు తీసేస్తే ఎన్ని వస్తాయనీ అడగలేదు. ఇదే నలుగురూ పొద్దున్న లేస్తే ప్రొడక్షన్ లాగ్ చూడకుండా మాట్లాడొద్దని జూనియర్లకి క్లాసులు పీకుతారు!

సరే, కొలుద్దాం అని కూర్చున్నా. ఈ ఆటలో కన్‌సోల్ తెరిచి ఫ్రేముల లెక్క మూలన కనపడేలా చేయొచ్చు. మాడ్లన్నీ ఉంచి, పట్టపగలు, వానలేని వాతావరణంలో, ఒకే రోడ్డు మీద నడిపిస్తే 14. మాడ్లన్నీ ఆపేసి అదే రోడ్డు మీద 34. అంటే ఒక్కో ఫ్రేము గీయడానికి ఒకచోట 71 మిల్లీసెకన్లు, ఇంకోచోట 29. అదే ల్యాప్‌టాప్, అదే ఆట. మరి తప్పు ల్యాప్‌టాప్‌ది ఎలా అవుతుందండీ? మిగతా 42 మిల్లీసెకన్లు ఎవరు తింటున్నారో పట్టుకోవడం మానేసి, తినేవాడికి ఇంకో పళ్ళెం వడ్డించమంటున్నాం మనం.

మొత్తం 24 మాడ్లు. ఒక్కొక్కటీ తీసి చూస్తే తెల్లారిపోతుంది కాబట్టి సగం తీసి చూడడం, దొంగ ఏ సగంలో ఉంటే దాన్ని మళ్ళీ సగం చేయడం. గిట్ బైసెక్ట్ తెలిసిన ప్రతివాడికీ తెలిసిన విద్యే. అర్ధరాత్రి లోపు ముగ్గురు దొంగలు దొరికారు.

మొదటివాడు సాక్షాత్తూ ఆ పల్లెవెలుగు బస్సే. ఫైలు విప్పి చూస్తే లోపలి సీటు గుడ్డకి, పైన పట్టుకునే రాడ్డుకి, టికెట్ మిషన్‌కి, ఇలా తొమ్మిదింటికి 4096 బై 4096 బొమ్మలు, అదీ కంప్రెస్ చేయకుండా. లెక్క వేయండి. పిక్సెల్‌కి 4 బైట్లు, బొమ్మకి 64 ఎంబీ. దూరానికి తగ్గట్టు వాడే చిన్న కాపీలని కూడా కలిపితే ఇంకో మూడో వంతు, అంటే 85. తొమ్మిదికి కలిపి 768 ఎంబీ! కూర్చునే ప్రయాణికుడే లేని సీటు గుడ్డకి!! మావాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నదే 4 జీబీ, అందులోంచే గ్రాఫిక్స్ కూడా పంచుకోవాలి. అవే బొమ్మల్ని 1024కి కుదించి డీఎక్స్‌టీ1 పద్ధతిలో కంప్రెస్ చేస్తే ఒక్కోటి అర ఎంబీ, చిన్న కాపీలతో కలిపి తొమ్మిదీ 6 ఎంబీ. కళ్ళు చిట్లించి చూసినా మాకు తేడా కనపడలేదు.

రెండోవాడు ట్రాఫిక్ మాడ్. మన ఆటోలు, మన లారీలు రోడ్డు మీద తిరుగుతుంటాయి, ముద్దుగానే ఉంటుంది. కానీ వాటికి ఎల్‌ఓడీలు లేవు. బండి దగ్గరున్నప్పుడు పూర్తి వివరాలతో, దూరమయ్యేకొద్దీ మోటు ఆకారంతో గీయాలన్నది ఆటల తయారీలో ఓనమాలు. ఇందులో అర కిలోమీటరు అవతల చీమంత కనపడే ఆటోకి కూడా మీటరు మీద అంకెల దాకా మొత్తం జ్యామెట్రీ గీస్తున్నాడు. పైగా బస్సు అద్దాలున్నాయి చూశారూ, అవి అద్దాలు కావు. ఒక్కో అద్దం కోసం వెనకున్న లోకాన్నంతా మళ్ళీ గీయాలి. చీమంత ఆటో ముందు ఒకసారి, అద్దంలో ఇంకోసారి. ఆ మాడ్ తీసేశాం, అద్దాల నాణ్యత, దూరం తగ్గించాం.

మూడోవాడి గురించి చెప్పాలంటే నాకు కోపం, నవ్వు రెండూ వస్తున్నాయి. దాని పేరే "ఎఫ్‌పీఎస్ బూస్ట్". ఎవరో మహానుభావుడు తన కాన్ఫిగ్ ఫైలుని ఇచ్చి, ఇది పెట్టుకుంటే ఆట పరిగెడుతుందన్నాడు, మావాడు పెట్టుకున్నాడు. తెరిచి చూద్దును కదా, రెండరింగ్ స్కేలు అడ్డంగా 2, నిలువుగా 2! 1366 బై 768 తెర మీద సుమారు పదిన్నర లక్షల పిక్సెళ్ళు. ఈ దిక్కుమాలిన ఫైలు వల్ల పాపం ఆ ల్యాప్‌టాప్ ప్రతి ఫ్రేముకీ 42 లక్షల పిక్సెళ్ళు గీసి, వాటిని మళ్ళీ పదిన్నర లక్షలకి కుదించి చూపిస్తోంది. ఇచ్చినవాడి దగ్గర పెద్ద కార్డు ఉండుంటుంది, వాడికి పరిగెత్తే ఉంటుంది. ఎవరి మందుల చీటీయో తెచ్చుకుని మింగినట్టయింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మాడ్ చేసేవాళ్ళని తిట్టడానికి నాకు నోరు రావట్లేదు. రూపాయి రాని పని. మన డిపో బస్సు రంగులు, ఆ కిటికీ కమ్మీలు, ఆ హారన్ మోత.. అవన్నీ ఎవరో ఒక పిల్లాడు రాత్రుళ్ళు కూర్చుని చేసినవే. ప్రాగ్‌లో కూర్చున్న కంపెనీ మన పల్లెవెలుగుని చేస్తుందా, చస్తే చేయదు. నా గొడవల్లా ఒకటే, ఆ ఫైళ్ళకి తాళం వేయడం. ఇదొక్కటి తాళం లేకుండా దొరికింది కాబట్టి సరిపోయింది. తాళం వేసిన మాడ్ అయితే ఆ 768 ఎంబీని తలరాత అనుకుని మోయాల్సిందే. దొంగతనం చేసి తమ పేరు పెట్టుకునేవాళ్ళ భయం ఉంటుంది, నిజమే. కానీ పేరు కాపాడుకోవడానికి వేసిన తాళం, బాగుచేసేవాడినే గుమ్మంలో ఆపేస్తోంది.

ఇక్కడ నలుగురు ఫ్రెండ్సులో ఒకడి వాదన కూడా చెప్పాలి. "నీ రెండు రోజుల జీతం కంటే ర్యామ్ చవక, ఇంజనీరు టైము విలువైంది, హార్డ్‌వేర్ చౌక" అన్నాడు. ఆఫీసులో నేనూ ఈ పాట పాడినవాణ్ణే. పాత ప్రాజెక్టులో ఒక రిపోర్టు పేజీ నత్తనడక నడుస్తుంటే ఆరు నెలల్లో రెండుసార్లు క్లౌడ్‌లో మిషన్ సైజు పెంచాం. తీరా చూస్తే ఒక టేబుల్‌కి ఇండెక్స్ లేదు. ఒక్క లైను. ఆ ఆరు నెలల బిల్లు క్లయింటు కట్టాడు, మనకి నొప్పి తెలియలేదు. చౌక అనే మాట ఎవరి జేబు చూసి అంటున్నామన్నదే అసలు ప్రశ్న. మన జేబులోంచి తీస్తే ఒక లెక్క, మిర్చి అమ్మి తీస్తే ఇంకో లెక్క.

మా ఊరి వాళ్ళకి ఈ సంగతి వేరే రకంగా తెలుసు. 2024 సెప్టెంబర్ 1న, ఆ కుంభవృష్టికి, ఇంటికన్నె - కేసముద్రం మధ్య పట్టాల కింద కంకరంతా కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఎక్కడి రైళ్ళు అక్కడ ఆగిపోయాయి. అప్పుడు కొత్త ఇంజను తెప్పించండి అని ఎవరైనా సలహా ఇచ్చారా? ఇచ్చుంటే ఆ కంకర తట్టలు మోసేవాళ్ళే వాణ్ణి తరిమి కొట్టుండేవాళ్ళు.

హార్డ్‌వేర్ జోలికే వెళ్ళొద్దని నేను అనట్లేదు. మేమూ వెళ్ళాం. 4 జీబీ స్టిక్ ఒక్కటే ఉంటే మెమరీకి దారి కూడా ఒక్కటే. డీడీఆర్4, 2400 వేగం అయితే సెకనుకి 19.2 జీబీ. రెండో స్లాట్‌లో ఇంకోటి పెడితే దారులు రెండై 38.4 అవుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మిషన్‌కి ఇది పెద్ద వరం. నా పాత ల్యాప్‌టాప్‌లోంచి పీకిన స్టిక్ ఒకటి బ్యాగులో ఊరికే పడుంటే, అది బిగించా. వెనక మూత ఎలాగూ తీశాం కదా అని ఫ్యాను చూస్తే, దుమ్ము ఒక వత్తిలా చుట్టుకుని ఉంది. మార్కెట్ యార్డు పక్క వీధి, మావాడేమో ల్యాప్‌టాప్‌ని బొంత మీద పెట్టి ఆడతాడు. ఇరవై నిమిషాలకి బస్సు ఎందుకు మొరాయించేదో అప్పుడు అర్థమైంది, వేడెక్కి ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించేసుకుంటోంది. పాత బ్రష్‌తో దులిపి, బొంత తీయించి, చెక్క పీట వేయించా.

ఇన్ని చేశాక మాంచెస్టర్ మధ్యలో 31 నుంచి 38 దాకా వచ్చింది. పైకీ కిందకీ ఊగుతుంటే చేతికి చిరాగ్గా ఉంటుందని 30 దగ్గర కట్టేశాం. అరవై కావాలనేవాళ్ళు కొనుక్కోండి, నేనొద్దనను. మావాడికి స్తంభం తగలకుండా మలుపు తిరిగితే చాలు.

బస్సు మాడ్ చేసినతనికి కుదించిన బొమ్మలు పంపించి, మీ పేరుతోనే పెట్టుకోండి అని రాయించా మావాడి చేత. రెండు రోజులకి జవాబొచ్చింది. థాంక్స్ బ్రదర్, ఎక్స్‌ప్రెస్ బస్సుది కూడా చేసిపెడతావా అని. ఇప్పుడు వాడు ఆట తక్కువ, సీటు గుడ్డలు కుదించడం ఎక్కువ చేస్తున్నాడు :) 4096 ఎందుకు, 1024 ఎందుకు చాలదు అని నాకు ఫోన్లు. "అన్నా, గీ ఎల్‌ఓడీలు నేనే చేస్తే నడుస్తదా?" అన్నాడు నిన్న. బ్లెండర్ దించుకోమన్నా.

కొట్టువాడికి అడ్వాన్సు ఇవ్వడానికి తీసి పెట్టిన డబ్బుని చిన్నాయన పురుగుమందుల బాకీ కింద కట్టేశాడు. నలుగురు ఫ్రెండ్సులో ఒకడు మాత్రం ఇంకా అడుగుతున్నాడు, చివరికి ఏ మోడల్ తీసుకున్నారు మామా అని.