ఎప్పుడో, ఎప్పటికైనా, ఎప్పటికప్పుడు: అనిర్దిష్ట కాలవాచకాల అనువాదం

ఆంగ్లంలోని అనిర్దిష్ట కాలవాచకాలకు సరితూగే పదాలు తెలుగులో లేవన్న అభిప్రాయం అనువాద చర్చలలో తరచు వినవస్తుంది. ఈ వాదం నిలవదు. లోటు పదజాలంలో ఉన్నదనడం కంటె అనువాదకుని ఓపికలో ఉన్నదనడం న్యాయం.

'ఫర్ సమ్ టైమ్' అన్న పదబంధాన్ని 'కొంత సమయంపాటు' అని మార్చడం నేడు పరిపాటి అయింది. తెలుగు వ్యవహర్త ఇట్లా మాట్లాడడు. గంటలలో తేలే వ్యవధికి 'కాసేపు' అంటాడు, రోజులకు 'కొన్నాళ్ళు', సంవత్సరాలకు 'కొన్నేళ్ళు'. ఎంత కాలమో చెప్పకపోయినా ఏ కొలతలో చెబుతున్నాడో తెలుపక తప్పదు. ఆంగ్లానికి ఈ నిర్బంధం లేదు. కనుక తెలుగు చేసేవాడు సందర్భం నుండి ఆ కొలతను రాబట్టాలి. 'కొంత సమయం' ఆ శ్రమను తప్పించుకునే అడ్డదారి.

ఇంతకంటె ముఖ్యమైనది ప్రత్యయాల విషయం. ఆధునిక వ్యవహారంలో 'వస్తాడు' అన్న ఒకే రూపం భవిష్యత్తునూ అలవాటునూ చెబుతుంది. అందువల్ల కాలభేదంలో చాలా భాగం 'ఎప్పుడు' అన్న ప్రశ్నార్థకానికి చేరే ప్రత్యయం మీద పడుతుంది. 'ఎప్పుడో వచ్చాడు' అంటే వచ్చి చాలా సేపయిందని. 'ఎప్పుడో వస్తాడు' అంటే వేళ తెలియదని. ఒకే 'ఎప్పుడో' క్రియను బట్టి రెండు అర్థాలనిస్తున్నది. 'ఎప్పటికైనా వస్తాడు' అన్నప్పుడు ఆలస్యం ఎంతైనా రాక తప్పదన్న నిశ్చయం ఉంది. 'సూనర్ ఆర్ లేటర్' అన్నదానికి ఈ ఒక్క మాట చాలు. అయినా 'త్వరగానో ఆలస్యంగానో' అన్న నకలు పత్రికలలోనూ పాఠ్యగ్రంథాలలోనూ కనిపిస్తూనే ఉంది.

తేదీ లేని కాలాన్ని సందిగ్ధత లేకుండా చెప్పడం ఈ భాషకు కొత్త కాదు. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల రైతు పంటకాలాన్ని సార్వా, దాళ్వా అని, వానను కార్తెలతో చెబుతాడు. ఏడాదికి 27 కార్తెలు; ఒక్కొక్కటి రమారమి 13, 14 రోజులు. బుడమేరు, తమ్మిలేరు వరద తెచ్చి పోస్తే ఉప్పుటేరు గుండా సముద్రానికి తీసే కొల్లేరు ఏటా విస్తరించి కుంచించుకుపోతుంది. అక్కడ 'నీరు దిగాక' అన్న మాటలో తేదీ లేదు, అస్పష్టతా లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకే అంకితమైంది. దానిని తెరిచే అనువాదకులెందరన్నది వేరే ప్రశ్న.

ఈ నిర్లక్ష్యపు ఫలితం సాహిత్యంతో ఆగదు. 1999లో అయిదో కాంటూరు వరకు కొల్లేరు అభయారణ్యమైన నాటి నుండి లంకగ్రామాల జీవనం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వచ్చింది. అట్టి చట్టాల భాషలో 'ఫ్రమ్ టైమ్ టు టైమ్' అంటే ఒకసారి వాడినంత మాత్రాన ఆ అధికారం తీరిపోదని, మళ్ళీ మళ్ళీ వినియోగించవచ్చునని. దానిని 'ఎప్పటికప్పుడు' అంటే జాప్యం లేకుండా చేయవలసిన విధి అని చదువరికి తోస్తుంది. 'కాలానుగుణంగా' అంటే రోజులు మారినందువల్ల అని. 'అవసరమైనప్పుడల్లా' అనడానికి అడ్డేమిటి? 'ఫర్ ది టైమ్ బీయింగ్ ఇన్ ఫోర్స్' మరీ చిక్కు. 'తత్సమయమున అమలునందున్న' అని చదివినవాడు, చట్టం చేసిన నాటి నిబంధనే తనకు వర్తిస్తుందనుకుంటే తప్పు అతనిది కాదు. ప్రశ్న తలెత్తిన నాటికి ఉన్న నిబంధన అన్నది మూలంలోని భావం.

చట్టభాషకు ఏకరూపత కావాలని, న్యాయస్థానాలకు అలవాటైన పదాలను కదపరాదని ఆక్షేపణ రావచ్చు. అందులో బలం లేకపోలేదు. ఒక పదాన్ని చోటుకొక తీరున మారిస్తే వివాదాలు పెరుగుతాయి. అయితే 'తత్సమయమున' స్థానంలో అంతటా 'ఆయా సమయాలకు అమలులో ఉన్న' అని వ్రాసినా ఏకరూపతకు భంగం లేదు. 'ఆయా' అన్న రెండక్షరాలు ఒక్క సమయాన్ని కాక ప్రతి సందర్భాన్నీ విడివిడిగా పట్టుకుంటాయి. 'తత్' ఒక్కదానినే చూపుతుంది.